ఖాళీ గిన్నె బరువు

ఆ చలికాలమంతా పిరిహిర వంటింటి కిటికీ మూసిన పాపాన పోలేదు. మంచు పేరుకున్న పొద్దుల్లో కూడా రెండు రెక్కలూ బార్లా తెరిచి, గాలికి మూతపడకుండా సందుల్లో చెక్కముక్కలు దోపి ఉంచేది. దారిన పోయేవాళ్ళు అడిగితే, "నాకు ఒంట్లో వేడి ఎక్కువ" అనేది. పెళ్ళీ పెటాకులూ లేకుండా పుట్టినింట్లోనే యాభై దాటిన మనిషి. ఊరికొచ్చే పరదేశుల్ని చేతికర్ర ఊపుకుంటూ వీధివీధీ తిప్పి, కడుపుబ్బ నవ్వించి పంపే మనిషి. అలాంటి మనిషి ఒంట్లో వేడి ఉందంటే ఎవరు కాదంటారు?

అసలు వేడి ఒంట్లో లేదు. వంటింటి మూల, నేల చెక్కల కింద ఉంది.

చలికాలం మొదట్లో ఒకనాడు పొద్దున్నే టీ కాచుకుందామని ఆ మూల నిలబడితే అరికాళ్ళు చుర్రుమన్నాయి. చెక్క ఎత్తి చూస్తే కింద మట్టిలో పిడికిలంత బొక్క, అందులోంచి బుసబుసమంటూ తెల్లటి ఆవిరి. పిరిహిర గుండె జారిపోయింది. ఆవిరికి భయపడి కాదు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఆవిరిలోనే పుట్టి ఆవిరిలోనే పెరుగుతారు. ఏటి ఒడ్డున ఉమ్మడి ఆవిరి పెట్టెలున్నాయి. పొద్దున పనికి పోతూ అందులో గిన్నె పెట్టి పోతే, మధ్యాహ్నానికి మాంసం ఎముకను వదిలేసి ఉంటుంది. నారబుట్టలో మొక్కజొన్న కంకులు వేసి మరిగే గుంటలోకి దింపితే, నాలుగు మాటలు మాట్లాడుకునేలోగా ఉడికిపోతాయి. సాయంకాలమైతే వేడినీళ్ళ తొట్లలో ఊరు ఊరంతా మెడలోతు మునిగి, ఎవరి కోడలు ఎవర్ని ఏమందో తీర్పులు చెప్పుకుంటారు.

భయమల్లా కట్టుబాటుకి. ఆవిరి వచ్చిన ఇల్లు ఆవిరిదే. పేచీ పెట్టకూడదు, బొక్క పూడ్చకూడదు, ఇల్లు ఖాళీ చేసి తప్పుకోవాలి. మూసిన గదిలో ఆ గాలి మనిషిని నిద్రలోనే పట్టుకుపోతుందని, చూసినవాళ్ళు పెట్టిన కట్టుబాటు అది. ఇప్పటికి రెండిళ్ళు అలా పోయాయి. ఊళ్ళో ఇంకో ఇల్లు పట్టేంత చల్లటి నేల మిగలక ఆ రెండు కుటుంబాలూ వంతెన దాటి రొటోరువా టౌనులోకి పోయాయి. పిరిహిర ఒకసారి వాళ్ళని చూసొచ్చింది. తెల్లటి గోడలు, మీట తిప్పితే వేడెక్కే పొయ్యి, ఒక్క మనిషి పట్టే స్నానాల తొట్టి. ఆ తొట్టిలో ఒక్కతే కూర్చుని గోడతో కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఆమెకు కల కూడా వచ్చింది. చెమటలు పట్టి లేచి కూర్చుంది.

అందుకని చెక్క మళ్ళీ వేసి, మీద చాప పరిచి, కిటికీ తెరిచింది. నోరు మాత్రం మూసుకుంది.

అయితే, వచ్చిన ఆవిరికి ఒట్టి చేతులు చూపించకూడదని వాళ్ళమ్మ అంటుండేది. రెండు రోజులు ఓపిక పట్టి, మూడో రోజు చెక్క ఎత్తి ఆ బొక్క మీద పుడ్డింగు గిన్నె పెట్టింది. చెప్పకూడదు గానీ అంత మంచి పుడ్డింగు ఆమె జన్మలో చెయ్యలేదు. కానీ ఉమ్మడి పెట్టెల దగ్గర కనపడకపోతే జనం ఊరుకుంటారా? అందుకని రోజూ పొద్దున్నే ఖాళీ గిన్నెకు శుభ్రంగా మూత పెట్టి, గుడ్డ చుట్టి, బరువు మోస్తున్నట్టు ఓ పక్కకు ఒరిగి నడుస్తూ తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి వచ్చేది. ఒకరి గిన్నె మూత ఇంకొకరు తియ్యడం అక్కడ మర్యాద కాదు. ఆ మర్యాద చాటున గుట్టు దాగింది.

ఆ పెట్టెలో ఆమె గిన్నె పక్కనే ఎప్పుడూ వాళ్ళ వదిన మెరియానా గిన్నె ఉండేది. మెరియానా అంటే పిరిహిర అన్న హోహెపా భార్య. మనిషి ఎంత దిట్టంగా ఉంటుందో నోరూ అంత దిట్టం. వదినా మరదళ్ళకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఊరందరి నమ్మకం. సాయంకాలం స్నానాల దగ్గర వాళ్ళ వాదులాట వినడానికే కొందరు తొందరగా పని ముగించుకుని వచ్చేవాళ్ళు.

"ఏమే పిరిహిరా, ఈమధ్య నీ పుడ్డింగు మెత్తబడింది. ఎవరిచేత చేయిస్తున్నావేం?"

"నీచేత మాత్రం చేయించట్లేదులే వదినా. పళ్ళూడగొట్టుకునే తీరిక నాకు లేదు."

"ఊడ్డానికి నీకుండాలిగా!"

"నా పళ్ళ సంగతికేం గానీ, నీ దుంపల మడి సంగతి చూసుకో. ఎప్పుడూ ఈపాటికి చిలగడదుంపలకి మట్టి గుల్ల చేసేదానివి. ఈ ఏడు కలుపు మోకాలెత్తు పెరిగింది. ఒళ్ళు బరువెక్కిందా?"

"నా మడి, నా కలుపు. నీకెందుకు?" అని మెరియానా మొహం అటు తిప్పుకుంది. ఎప్పుడూ రెండు మాటలకు నాలుగు మాటలిచ్చే మనిషి అంతటితో ఊరుకోవడం పిరిహిరకు వింతగానే తోచింది. గెలిచాననుకుని సంతోషపడి ఊరుకుంది.

చలి విరుగుతున్న రోజుల్లో హోహెపా ఒక కబురు పట్టుకొచ్చాడు. ఊరి తరఫున సభ ఇంట్లో నిలబడి మాట్లాడే పెద్ద ఆయనే. ఏ పరదేశి వచ్చినా మామూలుగా ఆ సభ ఇంట్లోనే పడుకుంటాడు. ఇప్పుడు దాని కప్పు బాగుచేస్తున్నారు.

"ఒక కుర్రాడొస్తున్నాడు. వారం రోజులు నీ ముందు గదిలో ఉంటాడు."

"నా ఇంట్లోనా? నా ఇంట్లో చోటెక్కడుందన్నయ్యా?"

"ముందు గదిలో నువ్వు పారెయ్యని పాత గొడుగులు తప్ప ఏమున్నాయే? వచ్చే అతిథిని వద్దనమంటావా?"

ఆ మాటతో పిరిహిర గొడుగులు సర్దడానికి లేచింది. అతిథిని వద్దన్న ఇల్లని పేరొస్తే ఆ ఊళ్ళో ఇక తలెత్తుకోవడం ఉండదు.

వచ్చినవాడి పేరు జెఫెరీనో. అట్లాంటిక్ సముద్రం నడిమధ్య అజోర్స్ దీవుల వాడు. రొట్టెలు చెయ్యడం వృత్తి, దేశాలు తిరగడం సరదా. సన్నగా, పొడుగ్గా, మనిషికన్నా ముందు చెవులు లోపలికొచ్చేలా ఉన్నాడు. హోహెపా స్వాగతం పలుకుతూ ముక్కుకు ముక్కు ఆనించబోతే, కంగారులో నుదురుతో ఢీకొట్టి ఆయన్ని రెండడుగులు వెనక్కి పంపాడు. ఊరంతా అప్పుడే వాణ్ణి ఇష్టపడిపోయింది.

పిరిహిర వాడికి మొదటిరోజే రెండు ఆజ్ఞలు వేసింది. ఎంత చలేసినా ఏ కిటికీ ముయ్యకూడదు. వంటింట్లోకి రాకూడదు. మొదటి మాటకు వాడు ఎందుకని కూడా అడక్కుండా తల ఊపాడు. అమాయకుడనుకుంది. రెండోది మాత్రం వాడివల్ల కాలేదు. రొట్టెలు చేసేవాణ్ణి వంటింట్లోకి రావద్దంటే ఎలా ఆగుతాడు? మర్నాటికి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఆ మర్నాటికి బల్ల దగ్గర మేజోళ్ళతో నిలబడి పిండి పిసుకుతున్నాడు. పిసుకుతూ పిసుకుతూ జరిగి జరిగి సరిగ్గా ఆ చాప మీదికే వెళ్ళి నిలబడ్డాడు. వాడు ఒకసారి కాళ్ళకేసి చూసుకున్నాడు, కిటికీకేసి చూశాడు, నవ్వాడు. పిండి గిన్నె తీసి ఆ చాప మీద పెట్టాడు.

"పిండి ఇక్కడ బాగా పొంగుతుంది, పిన్నిగారూ" అన్నాడు.

"ఆ మూల... గాలి తగలదులే అబ్బాయ్" అంది ఆమె, అటు చూడకుండా.

నాలుగు రోజుల్లో వాడు ఊరివాడైపోయాడు. పొద్దున కంకుల బుట్ట గుంటలోకి దింపేవాడు. మొదటి సాయంకాలం స్నానాల దగ్గర తువ్వాలు గట్టిగా పట్టుకుని గట్టు మీదే నిలబడిపోతే, మెరియానా, "దిగు నాయనా! నీ దగ్గర మేం చూడని వింతేముంటుంది?" అని అరిచింది. వాడి చెవులు కెంపులయ్యాయి, కానీ దిగాడు. పిరిహిర కంకులు ఉడికిస్తూ పాడుకునే పాటను పిండి పిసుకుతూ సగం తప్పు, సగం ఒప్పుగా కూనిరాగం తీసేవాడు. అది పిరిహిర వాళ్ళమ్మ పాట. ఇంట్లో ఇంకో గొంతు ఆ పాట పాడి ఎన్నేళ్ళయిందో! ఆమె పైకి, "రాగం చంపేస్తున్నావు" అనేది గానీ, వాడు ఆపితే మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతాడా అని చెవి అటే వేసి ఉంచేది.

వారం గడిచింది. సభ ఇంటి కప్పు పూర్తయింది. వాడికి వీడ్కోలు చెప్పడానికి మధ్యాహ్నం భోజనాలకు ముందు ఊరంతా అక్కడ కూడింది. హోహెపా లేచి చక్కగా మాట్లాడాడు. ఆయన మాట ముగియగానే మెరియానా, ఆమె వెనక పదిమందీ లేచి పాట పాడారు. అక్కడ ఎవరు మాట్లాడినా అంతే. మాట్లాడినవాడి పక్షాన ఎవరో ఒకరు లేచి పాట ఎత్తుకోవాలి. పాట పడిందంటే ఆ మాట మాదేనని, మేం దానికి కట్టుబడి ఉన్నామని. పాట పడలేదంటే ఆ మాట అన్నట్టూ కాదు, విన్నట్టూ కాదు. దాన్ని ఎవరూ మళ్ళీ ఎత్తరు. అది మర్యాద.

తర్వాత జెఫెరీనో లేచాడు. టోపీ రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"పెద్దలందరికీ నమస్కారం" అన్నాడు, వచ్చీరాని మాటలతో. "మా దీవిలో కూడా నేల మరుగుతుంది. మేము కూడా గిన్నెలు మట్టిలో పాతిపెట్టి వండుకుంటాము. కానీ దానికోసం మేము చాలా దూరం నడిచి వెళ్ళాలి. ఇక్కడ పిన్నిగారి దగ్గరికి భూమి తానే నడిచి వచ్చింది! వంటింట్లో చాప ఎత్తితే చాలు, ఆవిరి. అంత గౌరవం నేను ఏ ఇంట్లోనూ చూడలేదు. ఆ ఆవిరి మీద నా రొట్టె పొంగింది. పిన్నిగారు ఎంత చలిలోనూ నన్ను కిటికీ మూయనివ్వలేదు. మా అమ్మ కూడా అంతే, మూయనివ్వదు. అందుకే ఆ ఇంట్లో నేను పరాయివాణ్ణి అనిపించలేదు. మీ అందరికీ ధన్యవాదాలు."

వాడు నవ్వుతూ ఆగాడు. సభలో ఎవరూ నవ్వలేదు. హోహెపా తల దించుకుని నేలకేసి చూస్తున్నాడు.

పిరిహిరకు ముందు ఒళ్ళు మండింది. తిన్నింటి గుట్టు నడివీధిలో పెట్టాడే వెధవ అనుకుంది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. వాడు ఒంటరివాడు. వాడి పక్షాన పాడేవాళ్ళు ఎవరూ లేరు. ఒకవేళ ఎవరైనా పాడాలంటే వాణ్ణి ఇంట్లో పెట్టుకున్న తనే పాడాలి. తను కూర్చునే ఉంటే చాలు. మాట నేలపాలవుతుంది. అన్నయ్య ఎంత అనుమానపడ్డా మర్యాద దాటి అడగడు. ఇల్లు నిలుస్తుంది. ఒక్క నిమిషం కదలకుండా కూర్చుంటే చాలు.

జెఫెరీనోకి పాట సంగతి తెలుసు. అటూ ఇటూ చూశాడు. టోపీ అంచు చేతుల్లో నలుపుతున్నాడు. తనేం తప్పు మాట్లాడాడో వాడికి తెలియడం లేదు. చెవులు మెల్లగా ఎర్రబడుతున్నాయి. వాడు తన వంటింట్లో నిలబడి అమ్మ పాట పాడిన పిల్లాడు. ఇంతమందిలో దిక్కులేనివాడిలా నిలబడ్డాడు.

పిరిహిర వల్ల కాలేదు. "పోతే ఇల్లే కదా పోయేది" అనుకుంది. లేచి వెళ్ళి వాడి పక్కన నిలబడి కంకుల పాట ఎత్తుకుంది. మొదటి చరణం ఒక్కతే పాడింది. రెండో చరణానికి వాడు సగం తప్పుగా కలిశాడు. మూడో చరణానికి వెనక నుంచి ఒక లావుపాటి గొంతు కలిసింది. తిరిగి చూడకుండానే ఆమెకు తెలుసు, అది వదిన గొంతు. ఇంకాసేపటికి ఊరంతా పాడింది.

పాట అయ్యాక ఎవరూ భోజనాలకేసి పోలేదు. హోహెపా తిన్నగా చెల్లెలి ఇంటికి నడిచాడు, వెనకే అందరూ. వంటింట్లో చాప తీశాడు. చెక్క ఎత్తాడు. ఆవిరి మీద పుడ్డింగు గిన్నె కులాసాగా ఉడుకుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం మొదట్నుంచి."

ఆయన మొహం పాలిపోయింది. "నిద్రలో పోతే? పొద్దున్నే తలుపు కొట్టి నేనేం చూడాలే? పైగా పరాయివాళ్ళ బిడ్డని కూడా పడుకోబెట్టావు!"

"కిటికీలన్నీ తీసే ఉంచానన్నయ్యా. కానీ తప్పే. వాడి విషయంలో మాత్రం పెద్ద తప్పే" అంది పిరిహిర. ఆ మాటతో కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఆవిరి వచ్చిన ఇల్లు ఆవిరిదే. నాకు తెలుసు. మూట కట్టుకుంటాను. టౌనులో ఒక గది చూడు."

జెఫెరీనోకి అప్పుడు అర్థమైంది. తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. "పిన్నిగారూ, నా నాలుక కోసెయ్యండి" అన్నాడు.

"కోస్తే రొట్టె రుచి ఎలా చూస్తావురా? లే" అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ.

అప్పుడు మెరియానా జనాన్ని రెండు చేతుల్తో పక్కకు నెట్టుకుంటూ లోపలికొచ్చింది. "టౌనూ లేదు, గదీ లేదు. ఏమే, రోజూ ఆ ఖాళీ గిన్నె నా గిన్నె పక్కన పెట్టి పోతావే, సర్దేటప్పుడు దాన్ని జరిపేది ఎవరనుకున్నావు? ఖాళీ గిన్నె బరువు నాకు తెలీదనుకున్నావా?"

"నీకు తెలుసా?"

"మొదటి వారంలోనే తెలుసు. పొద్దుటిపూట ఇటుగా వచ్చి నీ కిటికీ తెరిచుందో లేదో, నీ గురక వినపడుతోందో లేదో చూసుకుని పోయేదాన్ని. చలికి నా మోకాళ్ళు పట్టేశాయి నీ మూలాన."

"మరి అన్నయ్యతో చెప్పలేదేం?"

"చెబితే నువ్వు వంతెన దాటి పోతావు. సాయంకాలం తొట్టిలో నేనెవరితో పోట్లాడనే?" అంది మెరియానా. వెంటనే మొగుడి మీదికి తిరిగింది. "మీరేంటలా నిలబడ్డారు? ఆవిరి వచ్చింది వంటింట్లోకి. వంటిల్లు కోసి ఆవిరికి వదిలెయ్యండి. మిగిలిన ఇల్లు లేపి నా మడిలో పెట్టండి. నేను కొలిచి చూశాను, వంటిల్లు లేకపోతే సరిగ్గా పడుతుంది. ఈ ఏడు ఆ మడి ఎందుకు గుల్ల చెయ్యలేదో ఒక్కరైనా ఆలోచించారా? ఒళ్ళు బరువెక్కిందట, ఒళ్ళు!"

ఊళ్ళో మిగిలిన చల్లటి నేల ఆ చిలగడదుంపల మడి ఒక్కటే. దాని దుంపలంటే మెరియానాకు ఎంత గర్వమో అందరికీ తెలుసు. పిరిహిర వెళ్ళి వదిన మెడ పట్టుకుని నుదురు నుదురూ, ముక్కూ ముక్కూ ఆనించి అలాగే చాలాసేపు నిలబడింది. అంతసేపు వాళ్ళిద్దరూ మాట్లాడకుండా ఉండటం ఊరు చూడటం అదే మొదటిసారి.

జెఫెరీనో ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. ఆ శనివారం మగవాళ్ళు వంటింటిని రంపంతో కోసి విడదీశారు. మిగిలిన చెక్క ఇంటిని జాకీలతో లేపి లారీ మీదికెక్కించారు. ముందు తాళ్ళు, వెనక తాళ్ళు, పక్కన పిల్లల కేకలు. పిరిహిర మాత్రం దిగనంది. ముందు గదిలో కుర్చీ వేసుకుని, కిటికీలోంచి చేతికర్ర ఊపుతూ, "ఎడమపక్కన చూడండి, మా వదిన తీగ మీద ఆరేసిన లోపలి లంగా. కుడిపక్కన చూడండి, మా అన్నయ్య బట్టతల. ఫొటోలు తీసుకోవచ్చు" అంటూ దారి పొడుగునా వర్ణించింది. నవ్వులకు తాళ్ళు పట్టుకున్నవాళ్ళ చేతులు జారి, హోహెపా వాళ్ళ మీద కేకలేశాడు. చీకటి పడకముందే ఇల్లు మడిలో కుదురుకుంది. వదినా మరదళ్ళ కిటికీలు ఇప్పుడు ఎదురెదురు. పోట్లాటకు సాయంకాలం దాకా ఆగే పని లేదు.

పాత వంటింటి చోట చుట్టూ సిమెంటు కట్టి, చెక్క మూత పెట్టి, ఊరందరికీ కొత్త ఆవిరి పెట్టె చేశారు. అందులో మొదట ఉడికింది జెఫెరీనో చేసిన రొట్టె. అది మెత్తగా, తడితడిగా, ఎవరికీ అంతుపట్టని రుచితో వచ్చింది. అందరూ బాగుందన్నారు, రెండో ముక్క మాత్రం ఎవరూ అడగలేదు. మర్నాడు వాడు అందరి ముక్కులకూ తన ముక్కు సరిగ్గా ఆనించి, ఏడుస్తూ నవ్వుతూ వంతెన దాటాడు.

ఆ మర్నాడు పొద్దున్నే పిరిహిర గుడ్డ చుట్టిన గిన్నె తీసుకుని కొత్త పెట్టె దగ్గరికి వెళ్ళింది. మెరియానా అప్పటికే అక్కడుంది. తన గిన్నె లోపల పెట్టి, మూత పట్టుకుని నిలబడి ఉంది.

"ఇటివ్వు" అని మరదలి చేతిలో గిన్నె లాక్కుంది. దాన్ని ఒకసారి పైకీ కిందికీ ఊపి చూసింది.

"ఊఁ, ఇవాళ బరువుంది" అని తన గిన్నె పక్కన పెట్టి మూత వేసింది.